ఒక్కపొద్దు నాడు బీపీ గోలి వేసుకోవచ్చా? గీత చెప్పిన నాలుగు నియమాలు, మన గుండె



ఈ వారం వీడియోలో భగవద్గీత ఆరో అధ్యాయంలోని 16, 17 శ్లోకాల గురించి మాట్లాడుకున్నాం. టైం సరిపోక ఒక విషయం చెప్పకుండానే ముగించేశాను. ఈ రెండు శ్లోకాలు నేను ఇంజనీరింగ్ రోజుల నుంచీ చదువుతున్నా, నిజంగా తలకెక్కింది మాత్రం మా నాయనమ్మ వల్లే. ఆ సంగతి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇంట్లో ఉపవాసాలు చేసే పెద్దవాళ్ళు ఉంటే, చివరిదాకా చదివి వాళ్ళకి కూడా చదివి వినిపించండి.

తొలి ఏకాదశి నాడు ఏం జరిగింది

మా బాపు వాళ్ళ ఊరు సిద్దిపేట దగ్గర చింతమడక. రెండేళ్ళ క్రితం తొలి ఏకాదశికి ఊరెళ్ళాను. నాయనమ్మకి 70 దాటాయి. ఆ రోజు ఆమెకి ఒక్కపొద్దు. పొద్దున్నే తలస్నానం, తులసి దగ్గర దీపం, పేలాల పిండి నైవేద్యం, అన్నీ పద్ధతిగా చేసింది. సాయంత్రానికి తల తిరుగుతోందని గోడ పట్టుకుని కూర్చుంది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు కదా, నీరసం అనుకున్నాం అందరం. మా బాబాయి ఎందుకైనా మంచిదని ఇంట్లో ఉన్న బీపీ మిషన్ పెట్టి చూశాడు. 190/110. ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ చూస్తే దాదాపు అంతే.

"అమ్మా, గోలి వేసుకున్నవా?" అన్నాడు.

"దేవుని దినం నాడు గోలి మింగితే ఒక్కపొద్దు ఇడుస్తది గదరా!"

ఇంకొంచెం గట్టిగా అడిగితే అసలు సంగతి బయటపడింది. అంతకు ముందు రోజే గోలీలు అయిపోయాయట. పండుగ అయినంక తెచ్చుకుందాంలే అనుకుందట. అంటే రెండు రోజుల నుంచి మందు లేదు. వెంటనే బండి మాట్లాడి సిద్దిపేట తీసుకెళ్ళాం. దేవుడి దయ వల్ల పక్షవాతం దాకా పోలేదు. రాత్రికి తగ్గింది, తెల్లారి ఇంటికొచ్చాం.

ఇంటికొచ్చాక అదే మిషన్ సరదాకి నా చేతికి పెట్టుకున్నా. 148/96. నాకు అప్పుడు 27 ఏళ్ళు. మిషన్ పాడైందేమో అనుకుని బాబాయికి పెట్టి చూస్తే ఆయనకి 122/80 వచ్చింది. మిషన్ బాగానే ఉంది.

నాయనమ్మ మంచం మీద నుంచే అంది: "నేను రెండు దినాలు గోలి ఇడిసిపెడితే గింత లొల్లి చేస్తిరి. నువ్వు రోజూ రాత్రి రెండింటిదాక మేల్కొంటవ్, పొద్దుగాల తినవ్, పండుకునేముందు బిర్యానీ తింటవ్. నిన్నెవరు అడగాలెరా?"

నా దగ్గర జవాబు లేదు.

పల్లెలో గుండె జబ్బులు ఉండవా?

మనలో చాలా మందికి ఒక నమ్మకం ఉంది. సిటీ వాళ్ళకే బీపీ, షుగర్, గుండెపోటు. ఊళ్ళో వాళ్ళు కష్టం చేస్తారు, కల్తీ లేని తిండి తింటారు కాబట్టి వాళ్ళకి ఏమీ రాదని. ఇది నిజం కాదు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో ఒక అధ్యయనం చేశారు. సుమారు 1,80,000 మంది ఉన్న ఆ ఊళ్ళలో ఎవరైనా చనిపోతే ఎందుకు చనిపోయారో ఇంటింటికీ వెళ్ళి ఆరా తీశారు. అన్నిటికంటే ఎక్కువగా, 32 శాతం మరణాలకి గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని తేలింది. అది 20 ఏళ్ళ కిందటి మాట.

మా ఊరికి కూడా ఈ విషయంలో ఒక చిన్న చరిత్ర ఉంది. 2019 జూలైలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ గారు తన సొంతూరు చింతమడకకి వచ్చినప్పుడు, ఊళ్ళో ప్రతి ఒక్కరి ఆరోగ్య వివరాలు సేకరించి హెల్త్ ప్రొఫైల్ తయారు చేయాలని, రాష్ట్రం మొత్తానికి ఆ పని ఇక్కడి నుంచే మొదలవ్వాలని చెప్పారు. తర్వాత ఊళ్ళో వైద్య శిబిరం పెట్టి పరీక్షలు చేశారు. మా నాయనమ్మకి బీపీ ఉన్నట్టు అప్పుడే తెలిసింది. అంతకు ముందు ఆమెకి ఒక్క లక్షణం కూడా లేదు. 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ఇంటింటికీ వెళ్ళి ఇదే పని ప్రభుత్వం పెద్ద ఎత్తున మొదలుపెట్టింది.

రాజకీయాలు పక్కన పెట్టండి. ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఒక్కటే. బీపీ నొప్పి పెట్టదు. మనం ఆఫీసులో సర్వర్‌కి మానిటరింగ్ పెట్టేది అది క్రాష్ అయ్యాక చూడటానికి కాదు కదా. శరీరానికి కూడా అంతే. కొలిస్తేనే తెలుస్తుంది. కానీ కొలిచి, జబ్బు తెలిసి, మందు ఇచ్చాక కూడా మా నాయనమ్మ ప్రమాదంలో పడింది. ఎందుకంటే ఆమెకి ఒక ధర్మసందేహం ఉంది, దాన్ని ఎవరూ తీర్చలేదు.

మందు వేసుకుంటే వ్రతం చెడుతుందా?

చెడదు. ఇది నా సొంత అభిప్రాయం కాదు. మహాభారతం ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్పిన నీతుల్లో, వ్రతాన్ని భంగం చేయనివి ఎనిమిది అని ఒక లెక్క ఉంది. నీళ్ళు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక తీర్చడం, గురువు మాట, ఔషధం. ఎనిమిదోది సరిగ్గా మనకి కావాల్సిందే. మొదటిది నీళ్ళు. అంటే గోలీ, గోలీ మింగే నీళ్ళు రెండూ ఆ లెక్కలో ఉన్నాయి.

కాళిదాసు కుమారసంభవంలో కూడా ఇలాంటి సన్నివేశం ఉంది. పార్వతీదేవి ఘోరమైన తపస్సు చేస్తుంటే శివుడు బ్రహ్మచారి వేషంలో వచ్చి, నీ శక్తికి తగ్గట్టే తపస్సు చేస్తున్నావా, ధర్మం చేయడానికి మొట్టమొదటి సాధనం ఈ శరీరమే కదా అని అడుగుతాడు. సాక్షాత్తు శివుడి నోట కవి ఆ మాట పలికించాడు.

ఇక వైద్యం వైపు నుంచి చూద్దాం. చాలా బీపీ మందులు సుమారు ఒక రోజు పనిచేసేలా ఉంటాయి. మానేస్తే బీపీ మళ్ళీ పైకి లేస్తుంది. కొన్ని రకాల మందులు ఒక్కసారిగా ఆపితే, ముందు ఉన్నదానికంటే ఎక్కువగా పెరిగే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి ఉపవాసం రోజైనా బీపీ గోలీ ఆపకూడదు.

షుగర్ మందుల సంగతి వేరు, ఇక్కడ జాగ్రత్తగా చదవండి. తిండి మానేసి, షుగర్ గోలీ లేదా ఇన్సులిన్ మామూలు మోతాదులో తీసుకుంటే షుగర్ బాగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం దాకా వెళ్ళొచ్చు. అలాగని సొంతంగా మానేయడమూ తప్పే. ఏకాదశికి వారం ముందే డాక్టర్‌ని అడిగి, ఆ రోజు ఏ మందు ఎంత వేసుకోవాలో కాగితం మీద రాయించుకోండి. డాక్టర్ వద్దంటే ఆ రోజు ఉపవాసం బదులు జపమో, పారాయణమో చేసుకోండి. గురువు మాట వింటే వ్రతం చెడదని విదురుడే చెప్పాడు. ఈ విషయంలో డాక్టరే మనకి గురువు.

అయ్యప్ప దీక్ష వేసుకునే స్వాములకి ఒక మాట. షుగర్ ఉన్నవాళ్ళకి కాళ్ళలో స్పర్శ తగ్గుతుంది. 41 రోజులు చెప్పుల్లేకుండా నడిస్తే ముల్లు గుచ్చుకున్నా తెలియకపోవచ్చు. రోజూ రాత్రి అరికాళ్ళు చూసుకోండి. చిన్న పుండైనా ఆలస్యం చేయొద్దు.

గీతలో నాలుగు నియమాలు

ఇప్పుడు అసలు పాఠానికి వద్దాం. 16వ శ్లోకంలో కృష్ణుడు అంటాడు: అతిగా తినేవాడికి యోగం కుదరదు, అసలే తిననివాడికీ కుదరదు. అతిగా నిద్రపోయేవాడికీ కుదరదు, మేలుకునే ఉండేవాడికీ కుదరదు. 17వ శ్లోకంలో నాలుగు విషయాల్లో మితం ఉండాలంటాడు: ఆహారం, విహారం, పనుల్లో ప్రయత్నం, నిద్రా మెలకువలు. గుండె డాక్టర్ దగ్గరికెళితే ఆయన అడిగేవి కూడా ఈ నాలుగే. ఒక్కొక్కటీ చూద్దాం.

1. ఆహారం

మన హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో ఇక్కడికి వచ్చింది. వాళ్ళు 2024లో భారతీయుల కోసం కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేశారు. దేశంలో మొత్తం జబ్బుల భారంలో 56.4 శాతానికి సరైన తిండి లేకపోవడమే కారణమని అంచనా వేశారు. వాళ్ళు చెప్పేది సింపుల్‌గా ఇదీ: కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలి. మిగతా సగంలో అన్నం లేదా రొట్టె, పప్పు, పెరుగు లాంటివి.

మన కంచం దీనికి తలకిందులు. కొండంత అన్నం, మూల మీద చెంచాడు కూర, అంచున ఆవకాయ. మార్పు కోసం క్వినోవా, అవకాడో కొనక్కర్లేదు. చింతచిగురు పప్పు, జొన్నరొట్టె, తోటకూర, సొరకాయ చాలు. అన్నం ఒక గరిటె తగ్గించి కూర రెండు గరిటెలు పెంచండి.

ఉప్పు రోజుకి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మనవాళ్ళు సగటున 8 గ్రాముల దాకా తింటున్నారు. అన్నంలో కలిపే ఉప్పు కంటే ఊరగాయ, అప్పడం, మిక్స్చర్, ఇన్‌స్టంట్ నూడుల్స్‌లో కనిపించకుండా వచ్చేది చూసుకోవాలి. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుంది, రక్తం పరిమాణం పెరుగుతుంది, నాళాల మీద ఒత్తిడి పెరుగుతుంది. బీపీ పెరిగే దారుల్లో అదొకటి.

ఉపవాసం పేరుతో తినే తిండి సంగతి కూడా చెప్పాలి. ఏకాదశి నాడు అన్నం మానేసి, నూనెలో వేయించిన సగ్గుబియ్యం వడలు, ఆలూ చిప్స్, రెండుసార్లు స్వీటు తింటే అది ఉపవాసం అవుతుందా? సగ్గుబియ్యం దాదాపు మొత్తం పిండి పదార్థమే. పండ్లు, మజ్జిగ, గుప్పెడు వేరుశనగలు, ఉడికించిన చిలగడదుంప హాయిగా సరిపోతాయి. ప్రసాదం మాత్రం ప్రసాదంలాగే తీసుకుందాం. కళ్ళకద్దుకుని తినేది అరచేతిలో పట్టినంతే కదా.

2. విహారం

అంటే నడక, కదలిక. వారానికి 150 నిమిషాలు, కొంచెం ఆయాసం వచ్చేలా నడవాలి. రోజుకి 30 నిమిషాలు, వారానికి ఐదు రోజులు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదీ సరైన వేగం. విష్ణు సహస్రనామం విననివాళ్ళుంటారా మన ఇళ్ళలో? చెవిలో పెట్టుకుని నడవడం మొదలుపెడితే, అది పూర్తయ్యేసరికి ఆ రోజు నడక కూడా దాదాపు పూర్తవుతుంది.

ఇంకో విషయం. ఏడాదంతా కుర్చీలో కూర్చుని, లాంగ్ వీకెండ్ రాగానే అలిపిరి మెట్లెక్కేస్తాం. అవి 3,550 మెట్లు. మొక్కు గొప్పదే, కానీ గుండెకి అది పెద్ద పరీక్ష. గుండె జబ్బు, బీపీ, ఆస్తమా లాంటివి ఉన్నవాళ్ళు నడకదారిలో రాకపోవడమే మంచిదని టీటీడీ కూడా సూచించింది. మీరు ఆరోగ్యంగా ఉన్నా, రెండు నెలల ముందు నుంచి అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కడం అలవాటు చేసుకోండి. దారిలో ఛాతీ బరువుగా అనిపిస్తే అక్కడే ఆగిపోండి. స్వామి ఏమీ అనుకోడు.

3. పనిలో ప్రయత్నం, దాంతో వచ్చే చింత

ఊరి పేరులోనే చింత ఉందని ఆఫీసులో ఫ్రెండ్స్ నన్ను ఏడిపిస్తారు. నిజానికి చింత ఉండేది నా ల్యాప్‌టాప్‌లోనే. రిలీజ్ రోజుల్లో గుండె దడదడలాడటం మీక్కూడా అనుభవమే అయ్యుంటుంది. మనసు కంగారు పడగానే అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు వస్తాయి, గుండె వేగం, బీపీ పెరుగుతాయి. పులి ఎదురైతే అది అవసరం. పులి రోజూ మెయిల్ రూపంలో వస్తుంటేనే ఇబ్బంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక లెక్క చెప్పాయి. వారానికి 35-40 గంటలు పనిచేసేవాళ్ళతో పోలిస్తే, 55 గంటలు లేదా అంతకు మించి పనిచేసేవాళ్ళకి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. నేను నా గంటలు లెక్కేసుకుంటే 60 దాటాయి. అందులో పది గంటలైనా ఊరికే ఆన్‌లైన్‌లో కనిపించడం కోసం కూర్చున్నవే.

మన సాధన ఇక్కడ నిజంగా ఉపయోగపడుతుంది. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇటలీ పరిశోధకులు ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. 23 మంది చేత జపమాల ప్రార్థన, మంత్రజపం చేయించారు. రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి సుమారు ఆరుసార్లకి నెమ్మదించింది. బీపీని అదుపులో ఉంచే సహజమైన స్పందన మెరుగైంది. చిన్న అధ్యయనమే కాబట్టి జపంతో బీపీ నయమైపోతుందని అనుకోవద్దు. మందుతో పాటు జపం, మందుకి బదులుగా కాదు. మీటింగ్ మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు నెమ్మదిగా నామం చెప్పుకుని చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

4. నిద్ర, మెలకువ

విదురుడు ఆ నీతులన్నీ ఎప్పుడు చెప్పాడో తెలుసా? ధృతరాష్ట్రుడికి చింతతో నిద్రపట్టక, అర్ధరాత్రి కబురు పెట్టి పిలిపించుకున్నప్పుడు. మనకి నిద్రపట్టకపోతే రీల్స్ చూస్తాం, ఆయన విదురుణ్ణి పిలిచాడు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో గుండె ఆరోగ్యానికి ముఖ్యమైన అంశాల జాబితాలో నిద్రని కూడా చేర్చింది. పెద్దవాళ్ళకి 7 నుంచి 9 గంటలు కావాలి. మామూలుగా నిద్రలో బీపీ తగ్గి నాళాలకి విశ్రాంతి దొరుకుతుంది. రాత్రి రెండింటిదాకా మేలుకుంటే ఆ విశ్రాంతి తగ్గిపోతుంది.

మన వయసులో ఇవన్నీ ఎందుకు?

దక్షిణాసియా వాళ్ళకి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్ళకే వస్తోందని, మిగతా దేశాల వాళ్ళకి అది దాదాపు 59 అని 2007లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. నాళాల్లో పూడిక మాత్రం ఒక్కరోజులో రాదు, 20ల నుంచే మొదలవ్వొచ్చు. మంచి మాట ఏంటంటే, 52 దేశాల్లో చేసి 2004లో ప్రచురించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో గుండెపోటు ముప్పులో 90 శాతానికి పైగా తొమ్మిది కారణాలతోనే వివరించగలమని తేలింది. పొగ, కొలెస్ట్రాల్, బీపీ, షుగర్, పొట్ట, మానసిక ఒత్తిడి, తిండి, మద్యం, కదలిక. దాదాపు అన్నీ మన చేతిలో ఉన్నవే.

కొలవాల్సినవి ఇవీ:

- బీపీ: 120/80 కంటే తక్కువ ఉంటే మంచిది. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 లేదా అంతకంటే ఎక్కువ వస్తుంటే డాక్టర్‌ని కలవాలి. కొలిచే ముందు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి. అరగంట ముందు టీ, కాఫీ వద్దు.
- నడుము చుట్టుకొలత: మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్ల లోపు.
- పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్: 30 దాటాక తప్పనిసరిగా. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చుంటే ఇంకా ముందే.

హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాల్లో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. డబ్బు సమస్య కాదు, వెళ్ళాలి అంతే.

ఈ లక్షణాలు కనిపిస్తే ఆగొద్దు

ఛాతీ మధ్యలో బరువు, బిగుతు. ఎడమ చేయి, దవడ, వీపులోకి పాకే నొప్పి. చల్లని చెమటలు, ఆయాసం. ఆడవాళ్ళలో, షుగర్ ఉన్నవాళ్ళలో నొప్పి లేకుండా విపరీతమైన నీరసం, వికారం మాత్రమే ఉండొచ్చు. మూతి వంకర పోవడం, ఒక చేయి పడిపోవడం, మాట తడబడటం పక్షవాతం లక్షణాలు. "గ్యాస్ అయ్యుంటుంది, సోడా తాగుదాం" అని గంటలు పోగొట్టుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్ళొద్దు. పూజ మధ్యలో ఉన్నా సరే, లేచి వెళ్ళాలి.

ఈ వారం సాధన

1. ఇంట్లో అందరి బీపీ ఒకసారి కొలిచి, పూజగది క్యాలెండర్ మీద రాయండి.
2. అమ్మ, నాన్న, నాయనమ్మ, తాతయ్య ఉపవాసం రోజు గోలీ వేసుకుంటున్నారా అని అడగండి. కోప్పడకుండా అడగండి.
3. వాళ్ళ గోలీలు ఎన్ని మిగిలాయో చూడండి. పండుగకి ముందే తెచ్చిపెట్టండి.
4. రోజూ 30 నిమిషాల నడక, రాత్రి 11కి ఫోన్ పక్కన పెట్టడం.

నా సంగతి: డాక్టర్ మూడు నెలలు టైం ఇచ్చారు. ఉప్పు తగ్గించి, నడక పెంచి, నిద్ర సరిచేసుకుంటే 128/82కి వచ్చింది. రిలీజ్ వారాల్లో మళ్ళీ పెరుగుతుంది, కాబట్టి కొలుస్తూనే ఉన్నాను.

విదురుడి మాట నాయనమ్మకి చెప్పినప్పుడు కాసేపు ఏమీ అనలేదు. "గిది ముందుగాల ఎవ్వలన్న చెప్తే అయిపోవు గదా" అంది. ఇప్పుడు గోలీల డబ్బా పూజగదిలో తీర్థం గిన్నె పక్కనే ఉంటుంది. ఏకాదశి నాడు దీపం పెట్టి, తీర్థంతో పాటే గోలీ వేసుకుంటుంది.

వచ్చే వారం ఇదే అధ్యాయంలో మనసు చంచలత్వం గురించి అర్జునుడు అడిగిన ప్రశ్నతో కలుద్దాం. జై శ్రీరామ్.